డేగకు మాంసం తెచ్చిందెవరు?

ధమ్మ బంధువులారా, జపాన్ వాళ్ల చెక్క అచ్చు బొమ్మలు మీరు చూసే ఉంటారు. 1857లో హిరోషిగే వేసిన ఒక బొమ్మలో కింద మంచు కప్పిన చిత్తడి నేల, దూరంగా త్సుకుబా కొండ, పైన రెక్కలు చాచి కిందికి చూస్తున్న పెద్ద గద్ద ఉంటాయి. అంతకు ముందు ఏడాదే హిరోషిగే తల గొరిగించుకుని బౌద్ధ దీక్ష తీసుకున్నాడు.

ఆ గద్ద ఆకలికి చంపుతుంది. దాన్ని పాపాత్మురాలు అంటామా? అనం. కర్మకు మూలం చేతన అని కదా బుద్ధుడు చెప్పింది.

ఇంకో రకం బొమ్మల్లో అడ్డకర్ర మీద పెంపుడు డేగ కూర్చుని ఉంటుంది. అది సమురాయ్‌ల పరాక్రమానికి గుర్తు. షోగన్లకూ దొరలకూ డేగవేట వేడుక. అంటే అక్కడ చంపాలన్న కోరిక మనిషిదే. మరి ఆ పాపం దొరకు అంటిందా? లేదు.

వేట డేగలకు మాంసం తెచ్చిపెట్టేవాళ్లను పూర్వం 'ఎతోరి' అనేవారు. అంటరానివాళ్లను పిలిచిన 'ఎతా' అనే మాట దాన్నుంచే వచ్చిందని ఒక పాత వివరణ. చచ్చిన పశువును తీసేవాళ్లు, తోలు పని చేసేవాళ్లు ఆ ముద్ర మోశారు. డేగ బొమ్మకెక్కింది, దొర పేరుకెక్కాడు, మైల మాత్రం వీళ్లకు మిగిలింది. ఇదంతా బౌద్ధ దేశంలోనే జరిగింది! కొన్ని ఆలయాలు చనిపోయినవాళ్లకు పెట్టే ధమ్మ నామాల్లో కూడా వీళ్లకు కించపరిచే పేర్లు పెట్టాయి. 1871లో ప్రభుత్వం ఆ హోదా రద్దు చేసినా వివక్ష పోలేదు. అందుకే 1922లో వాళ్లు క్యోటోలో సుయిహేషా అనే సంఘం పెట్టుకుని పోరాడారు.

ఆలోచించండి. ప్రాణి హింస వద్దన్న శీలం దయ నేర్పడానికి పుట్టింది. దాన్ని ఎదుటి మనిషిని కొలిచే తూకంరాయి చేస్తే అది మళ్లీ కులమే అవుతుంది. బాబాసాహెబ్ చంపాలన్న కోరికనూ చంపాల్సిన అవసరాన్నీ వేరు చేసి చూపింది ఊరికే కాదు.

దీక్ష తీసుకున్నాక మాంసం మానేసినవాళ్లు మనలో ఉన్నారు. మంచిదే. కానీ పెద్దకూర తినే అన్న ఇంటికి వెళ్లడానికి మొహం చిట్లిస్తున్నామా? తోలు పని, మోరీ పని చేసేవాళ్లను విహారంలో వెనక కూర్చోబెడుతున్నామా? అలాగైతే మనం వదిలొచ్చిన గడపే మళ్లీ కట్టుకుంటున్నట్టు.

శీలం ఎదుటివాడి కంచంలో వెతికేది కాదు. మన మనసులో వెతుక్కునేది.

నమో బుద్ధాయ. జై భీమ్.