వలస వచ్చిన బిడ్డ మన అమానత్



సాలూరు వాసులమైన మనకు ఘాట్ రోడ్డు కొత్త కాదు. లారీలే జీవనాధారమైన ఊరు మనది. కోతలు ముగియగానే మూటాముల్లె సర్దుకుని ఆ దారిన దిగివచ్చే కుటుంబాలను ఏటా చూస్తూనే ఉంటాం. కొందరు మన కొండల మీది గిరిజనులు, మరికొందరు ఒడిశా నుంచి వచ్చేవారు. ఇటుక బట్టీలకు, ఇళ్లు కట్టే పనులకు పోతారు. తల్లి చంకలో ఒక బిడ్డ, వేలు పట్టుకుని మరొక బిడ్డ. మనం నమాజుకు వెళ్తూ జాలిపడి ఐదో పదో చేతిలో పెట్టి సాగిపోతాం. ‘ఈ బిడ్డ ఏ బడిలో చదువుతోంది?’ అని మనలో ఎంతమందిమి అడిగాం? మేమూ అడగలేదని సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాం.

మన సంవత్సరాల లెక్కే ఒక వలసతో మొదలవుతుంది. క్రీ.శ. 622లో దైవప్రవక్త (సఅసం) మక్కాను వదలి మదీనాకు హిజ్రత్ చేశారు. అంతకు ముందే మక్కావాసుల హింస భరించలేక కొందరు సహాబీలు సముద్రం దాటి అబిసీనియా చేరారు. అక్కడి రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. అయినా వారిని శత్రువులకు అప్పగించలేదు, తన నీడన ఉండనిచ్చాడు. హజ్రత్ జాఫర్ (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) ఆ పరాయి గడ్డ మీదే పుట్టారు. నేటి మాటల్లో చెప్పాలంటే ఆయన ఒక శరణార్థి బిడ్డ.

ఆ కుటుంబం క్రీ.శ. 628లో మదీనా చేరింది. మరుసటి ఏడే మూతా యుద్ధంలో జాఫర్ (రజి) అమరులయ్యారు. ప్రవక్త (సఅసం) స్వయంగా వారి ఇంటికి వెళ్లి పిల్లలను దగ్గరకు తీసుకున్నారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఆ ఇంటికి వంట చేసి పంపమని చెప్పారు. తండ్రి లేని పిల్లల గతి ఏమిటని తల్లి వాపోతే, వారి సంరక్షకుణ్ణి తానేనని ధైర్యం చెప్పారు. గమనించండి! ఆ కన్నీటితోనే ఆయన బాధ్యత తీరిపోలేదు. అన్నం పంపారు, అండగా నిలిచారు. మనం మాత్రం జాలి దగ్గరే ఆగిపోతున్నాం.

‘వాళ్లు మనవాళ్లు కారు కదా’ అని ఎవరైనా అనవచ్చు. మరి నజాషీ అలా అనుకుని ఉంటే? అన్నం పెట్టినందుకు ప్రతిఫలంగానీ కృతజ్ఞతగానీ ఆశించని వారిని దివ్య ఖుర్ఆన్ అద్దహ్ర్ సూరా ప్రశంసించింది. అన్నిసా సూరా పరాయి పొరుగువాడి పట్ల, బాటసారి పట్ల కూడా మంచిగా మెలగమంది. కాబట్టి ఈ సేవకు బదులుగా ఆ బిడ్డ మతాన్ని గురించి ఒక్క మాట కూడా ఎత్తకూడదు. జకాత్ ఎవరికి చెల్లుతుందో ఉలమాను అడిగి తెలుసుకోండి. సదఖా ద్వారం మాత్రం అందరికీ తెరిచే ఉంది.

ఈ దుఃఖం మన ఊరిది మాత్రమే కాదు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని తెలుగు నేలమీది బట్టీలకు వస్తాయి. పిల్లలు బడి మానేసి పచ్చి ఇటుకలు తిరగేస్తారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింస చెలరేగినప్పుడు గుత్తికోయలు ప్రాణాలు అరచేత పట్టుకుని ఖమ్మం, వరంగల్ అడవులకు వచ్చారు. వారి పిల్లలకు కాగితాలు లేవు, బడి భాష రాదు. తప్పేమీ చేయని పసివారే అందరికన్నా ఎక్కువ నష్టపోయారు.

మరి మనమేం చేయగలం?

మొదటిది, మన చేతులు శుభ్రం చేసుకుందాం. మన హోటల్లో, షెడ్డులో, ఇంట్లో చిన్నపిల్లలు పనిచేస్తున్నారా? 14 ఏళ్లలోపు వారిని కూలికి పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. పసివాడి చెమటతో మిగిలిన డబ్బులోంచి సదఖా ఇస్తే దానికి ఏం విలువ? పని చేయించుకుని కూలి ఎగ్గొట్టినవాడికి ప్రళయదినాన తానే ప్రతివాదినని అల్లాహ్ హెచ్చరించినట్లు హదీసులో ఉంది. తల్లిదండ్రులకు పూర్తి కూలి అందితేనే బిడ్డ బడికి పోగలుగుతాడు.

రెండోది, బిడ్డను బడి దాకా తీసుకువెళ్దాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను టి.సి. లేదనో, వయసు ధ్రువపత్రం లేదనో ప్రభుత్వ బడి తిప్పి పంపకూడదు. ఈ సంగతి ఆ తల్లికి తెలియదు, మనకు తెలుసు. తెలిసినవాడు తోడు వెళ్లాలి. అంతకన్నా చిన్నవారిని అంగన్‌వాడీకి చేర్చాలి.

మూడోది, తప్పిపోయిన బిడ్డ, దెబ్బలు తింటున్న బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేద్దాం. లారీ నడిపే సోదరులు ఈ నంబరు గుర్తుంచుకోవాలి. రాత్రివేళ దారిలో ఒంటరి బిడ్డ ముందుగా వారి కంటే పడుతుంది.

ఇక తల్లులారా! మీ పిల్లలకు చిన్నవైపోయిన బట్టలు పంచేటప్పుడు చిరిగినవి కాక మంచివి ఏరి ఇవ్వండి. మీ బిడ్డ చేతనే ఇప్పించండి. ఎదుటి బిడ్డ పేరు అడిగి తెలుసుకోమనండి. అన్సార్ల సోదరభావం అలాంటి ఇళ్లలోనే మొదలవుతుంది.

ఓ అల్లాహ్! ఇల్లు విడిచి వచ్చిన ప్రతి బిడ్డకూ నీవే రక్షణ కల్పించు. ఆ రక్షణకు మమ్మల్ని సాధనంగా చేయి. చూసీ చూడనట్టు సాగిపోయిన మా రోజులను క్షమించు. ఆమీన్.