ముందు తిండి గురించి అడుగు

బుజ్జమ్మా,

మొన్న ఫోన్లో "ఈసారి వెటరన్స్ డే మంగళవారం వచ్చింది తాతయ్యా, లాంగ్ వీకెండ్ లేదు, అసలు మా ఆఫీసుకి సెలవే లేదు" అని గునిశావు. పక్కనుంచి అమ్మమ్మ "పోనీలే తల్లీ" అంది. నేనేమీ అనలేదు. కోపమొచ్చి కాదు. ఇంతకాలం నీకు చెప్పాల్సింది చెప్పలేదే అనిపించి ఊరుకున్నాను. ఫోన్లో మొదలుపెడితే మధ్యలో నీకు మీటింగొస్తుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను, మీ మామయ్య ఫొటో తీసి పంపుతాడు.

ఆ సోమవారం సరదా మీ అమెరికావాళ్లూ ఒకసారి తీర్చుకున్నారులే. 1968లో చట్టం చేసి, 1971 నుంచి ఈ రోజును అక్టోబరు నాలుగో సోమవారానికి జరిపారు, మూడు రోజులు కలిసొస్తాయని. జనానికి రుచించలేదు. చాలా రాష్ట్రాలు పాత తేదీనే పట్టుకుని కూర్చున్నాయి. చివరికి 1978 నుంచి మళ్లీ నవంబరు 11కే తెచ్చారు. కల్యాణ మండపం ఎప్పుడు ఖాళీ ఉంటే అప్పుడు ముహూర్తం పెట్టుకోవడానికి ఇదేమన్నా మన పిన్ని కూతురి పెళ్లా? దీనికి తేదీతో పాటు గడియ కూడా ఉంది.

1918 నవంబరు 11 తెల్లవారుజామున, 5 గంటలు దాటాక, ఫ్రాన్సులో ఒక రైలు పెట్టెలో యుద్ధం ఆపే కాగితాల మీద సంతకాలయ్యాయి. అమలు మాత్రం పగలు 11 గంటలకన్నారు. మధ్యలో దాదాపు ఆరు గంటలు తుపాకులు పేలుతూనే ఉన్నాయి. బాల్టిమోర్‌కి చెందిన హెన్రీ గుంథర్ అనే అమెరికన్ సిపాయి 10 గంటల 59 నిమిషాలకు చనిపోయాడు. ఎదురుగా ఉన్న జర్మన్లు వెనక్కి పొమ్మని చేతులూపారట, అయినా ఉరికాడు. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే ఇంటికి వెళ్లేవాడు. 11 కొట్టేసరికి అంతా ఆగిపోయింది.

ఆ ఆగిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసమ్మా. 1971 డిసెంబరు 17 రాత్రి 8 గంటలకు మన పడమటి సరిహద్దులో కాల్పులు ఆపారు. మేం షకర్‌గఢ్ వైపు ఒక చెరకు తోట పక్కన ఉన్నాం. మాది 25 పౌండర్ తోపు. గుండు ఒక్కోటి పదకొండు కిలోల పైమాటే, అవి అందించీ అందించీ నా అరచేతులు బండబారిపోయాయి. తోపు ఆగాక చెవుల్లో ఒకటే హోరు. అది కాస్త తగ్గాక పొగమంచులో ఎక్కడో కుక్క మొరిగింది. ఎన్నో రోజుల తర్వాత విన్న మొదటి మామూలు చప్పుడు అదే. మాతో ఉన్న తంజావూరు కుర్రాడొకడు నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపుకోలేకపోయాడు. నేను చక్రానికి ఆనుకుని మగ్గులో చల్లారిపోయిన టీ తాగాను. అంతే, చెప్పుకోవడానికి పెద్ద కథేమీ లేదు.

ఇది మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో సెలవు మీద వస్తే, దీపావళి నాడు చేలో నీళ్లు చూసుకోవాలని చెప్పి మకాంలో పడుకునేవాణ్ని. అమావాస్య చీకట్లో నీళ్లు చూసేదేమిటని ఆవిడ ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం ఆవిడ మంచితనం. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

సరే, మీ పక్కింటాయన సంగతికొస్తాను. అమ్మమ్మ "దొరగారు" అనేది చూడు, ఆయనే. నిరుడు మీ దగ్గర ఆరు నెలలున్నప్పుడు రోజూ సాయంత్రం మీ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ని కదా. టెక్సాస్ ఎండకి అంతకుముందు బయటికి రాలేం. పొద్దు వాలాక ఆయన తన ముంగిట్లో జెండా దించుతుంటే, ఒకరోజు నాకు తెలియకుండానే లేచి సావధాన్‌లో నిలబడ్డాను. లుంగీలోనే! ఆయన దించిన జెండా మడిచి చంకన పెట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చాడు. నాది పల్టన్ ఇంగ్లీషు, ఆయనది టెక్సాస్ యాస. నాకు "వియత్నాం" అన్న మాట అర్థమైంది, ఆయనకు "ఆర్టిలరీ" అర్థమైంది. అక్కడితో మాటలు నిండుకున్నాయి. అప్పుడాయన తాళాల గుత్తి తీసి చూపించాడు. గుత్తికి బొటనవేలంత రేకుముక్క, దానికి మడత పడే చిన్న పన్ను. రేషన్ డబ్బాల మూత కోసుకునే సాధనమట, పేరు పీ-38. యాభై ఏళ్లకు పైగా జేబులో రాసుకుని రాసుకుని రేకు నున్నగా అద్దంలా అయిపోయింది. గాలిలో డబ్బా పట్టుకున్నట్టు పట్టి, దాని అంచు వెంట ఎలా కోసుకుంటూ పోవాలో చేసి చూపించాడు. వాసన గుర్తొచ్చినట్టుంది, ముక్కు మూసుకున్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం.

నేనూ ఊరుకోలేదు. మాకు బరువైన మార్చ్‌లప్పుడు జేబులో వేసుకోమని ఇచ్చే షక్కర్‌పారా గురించి చెప్పాలని, నీ నోట్‌పుస్తకంలో డైమండు బొమ్మ వేసి, చక్కెర అని చెప్పడానికి మీ ఇంట్లోంచి చక్కెర డబ్బా తెచ్చి చూపించాను. ఆయనకు ఏం అర్థమైందో దేవుడికెరుక. మర్నాటి నుంచి రోజూ ఆ వేళకి కుర్చీ తెచ్చుకునేవాడు. ఆరు నెలల్లో యుద్ధం గురించి ఒక్క ముక్క అనుకోలేదు మేం.

అందుకే చెబుతున్నాను, ఆ రోజు ఆయన కనబడితే "థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్" అని కారెక్కి వెళ్లిపోకు. ఆ మాట తప్పని కాదు. కానీ అది మన శాలువాలాంటిదే. మన ఊళ్లో ఒక పంద్రాగస్టుకి నన్ను స్టేజీ ఎక్కించి రెండు గంటలు ఎండలో కూర్చోబెట్టారు. ముగ్గురు పెద్దమనుషులు వీరత్వం గురించి మాట్లాడారు, నాకు శాలువా కప్పారు, ఫొటో తీశారు, దిగమన్నారు. ఏ యూనిట్‌లో చేశావయ్యా అని అడిగినవాడు లేడు. బీరువాలో అలాంటివి పదకొండున్నాయి. చలికి ఒక్కటీ ఆగదు.

అడగకూడనిది కూడా ఒకటుంది. ఒక పెళ్లి పంక్తిలో మన చుట్టాలబ్బాయి "ఎంతమందిని లేపేశావు బాబాయ్?" అన్నాడు, నేను పప్పు కలుపుకుంటుంటే. వాడిది చెడ్డ మనసేం కాదు, సినిమాలు చూసి అడిగాడు. నేను పెరుగు దాకా ఉండలేక లేచొచ్చేశాను. నువ్వు ఆయన్ని తిండి గురించి అడుగు. ఎక్కడ పడుకునేవారని, ఉత్తరాలు ఎన్నాళ్లకు వచ్చేవని, చెప్పులు, సాక్సులు, వాన, దోమల గురించి అడుగు. మాటకు దారి అక్కడుంది. ఆపైన ఎంత దూరం వెళ్లాలో ఆయన ఇష్టం. మధ్యలో ఊరకుండిపోతే నువ్వూ ఊరకుండు, ఫోన్ తియ్యకు.

ఇంకో సంగతి. మే నెలాఖరు సోమవారం వచ్చే మెమోరియల్ డేని దీనితో కలిపెయ్యకు. అది చనిపోయినవాళ్లది. ఇది అందరిదీ, ముఖ్యంగా బతికొచ్చినవాళ్లది. మొదట దీన్ని ఆర్మిస్టిస్ డే అనేవారు. ఆ పేరు మారాలని పట్టుబట్టినవాళ్లలో కాన్సస్‌లోని ఎంపోరియా ఊరివాడు ఆల్విన్ కింగ్ ఒకడు, బూట్లు బాగుచేసే కొట్టు నడుపుకునేవాడు. మేనల్లుడు రెండో ప్రపంచ యుద్ధంలో పోయాడు. ఆ ఊరి నుంచి మాట వాషింగ్టన్ దాకా పోయి, 1954లో ఐసెన్‌హోవర్ సంతకంతో వెటరన్స్ డే అయింది. నీ పక్కింటాయన్ని చూస్తే నాకు ఈ తేడా ఎక్కువ పట్టింపు. వాషింగ్టన్ నల్ల గోడ మీద వియత్నాంలో పోయిన 58 వేల మందికి పైగా పేర్లున్నాయి. బతికొచ్చినవాళ్లకి గోడ లేదు. పైగా ఆ యుద్ధమంటేనే మండిపడుతున్న దేశంలోకి తిరిగొచ్చారు వాళ్లు. యుద్ధం మంచిదా చెడ్డదా అని నీకు నీ అభిప్రాయం ఉండాలి, నాకూ ఉంది. అది ఆయన వాకిట్లో తేల్చుకునేది కాదు.

"వాళ్ల పండగ, మనకేంటి" అన్నావు మొన్న ఫోన్ చివర్లో. భగత్‌సింగ్ థిండ్ పేరు విన్నావా? పంజాబీ. 1918లో తలపాగాతోనే అమెరికా సైన్యంలో చేరాడు. పౌరసత్వం ఇచ్చారు, తీసేశారు, మళ్లీ ఇచ్చారు. 1923లో సుప్రీంకోర్టు "నువ్వు తెల్లవాడివి కావు" అని తేల్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్ల కోసం 1935లో ఒక చట్టం వస్తే, దాని పుణ్యమా అని 1936లో ఆయనకు పౌరసత్వం నిలిచింది. నువ్వు గ్రీన్‌కార్డు లైను గురించి విసుక్కున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

అలాగని మనం ఇక్కడేదో ఉద్ధరిస్తున్నామని కాదు. మనకీ జనవరి 14న మాజీ సైనికుల రోజుంది. 1953లో కరియప్పగారు రిటైరైన రోజు అది. ఆ మర్నాడే ఆర్మీ డే. మన గోదావరి జిల్లాల్లో ఆ రెండు రోజులూ ఎవరికి గుర్తుంటాయి? భోగో, పండగో, కనుమో నడుస్తుంటుంది. కోడిపందేల బరి దగ్గర నన్ను ఏమడుగుతారో తెలుసా? క్యాంటీన్ సీసాలు ఏమైనా ఉన్నాయా అని.

ఈ నెల లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, రేపు బ్యాంకుకి వెళ్లాలి. బతికే ఉన్నానని ఏటా వేలిముద్ర వేసి ఒప్పించాలి కదా. దారిలో కొరియర్ ఆఫీసు ఉంది. అమ్మమ్మ బెల్లం గవ్వలు చేసింది, షక్కర్‌పారాకి దగ్గరి చుట్టం అవే. రెండు పొట్లాలు కట్టాను. పెద్దది నీది. చిన్నది ఆయనకివ్వు, ఆ బొమ్మ వేసింది ఇదేనని చెప్పు. ఆయనవి కట్టుడు పళ్లు, కాబట్టి మెత్తగా ఉన్నవి ఏరి అమ్మమ్మ విడిగా పెట్టింది.

మీ తాతయ్య