బుడుగు దగ్గరికి వెళ్లావని విని

అమ్మలూ,

ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న పాతికేళ్ల పిల్లని, రాత్రిళ్లు ‘బుడుగు’ చదువుకుంటున్నానంటే ఎవరైనా నవ్వుతారేమో అని రాశావు. నవ్వితే నవ్వనీ. నువ్వు చదువుకో.

మనసు అలిసినప్పుడు కొత్త పుస్తకం పట్టుకోవాలంటే జంకుతాం. అందులో ఎవరు పోతారో, ఎవరు ఎవర్ని ముంచుతారో తెలీదు. బుడుగుతో ఆ బెంగ లేదు. ప్రైవేటు మాస్టారి అవస్థ నీకు ముందే తెలుసు. బామ్మ ఎవరి పక్షమో తెలుసు. తెలుసు కనకనే నవ్వు రెండు వాక్యాల ముందే వచ్చి కూర్చుంటుంది. దీన్ని పిరికితనం అనుకోకు తల్లీ. జ్వరం తగ్గినవాళ్లకి చారన్నమే పెడతాం, విందు భోజనం పెట్టం.

చిన్నప్పుడు నువ్వు చూసింది ఒక్క బుడుగు లోకాన్నే. సీగానపెసూనాంబ, లావుపాటి పక్కింటి పిన్నిగారి మొగుడు, బుడుగు గొప్పలు, అంతే. ఇప్పుడు అవే పేజీల్లో రాధ, గోపాళం కనిపిస్తారు చూడు. వాడికి వాళ్లు అమ్మా నాన్నా. నీకు మాత్రం నీ ఈడు ఆలుమగలు. వాడికి అర్థంకాక యథాతథంగా చెప్పేసిన మాటల్లోంచి వాళ్ల ముచ్చటంతా బయటపడుతుంది. వాడి బాబాయి రెండుజెళ్ళ సీత కోసం ఎందుకంత హైరానా పడతాడో ఇప్పుడు నీకు ఒకరు చెప్పక్కర్లేదు. బాపు గారి బొమ్మల దగ్గర కూడా కాసేపు ఆగు. కథ ఏమవుతుందోనన్న తొందర ఎలాగూ లేదు కదా.

ఇంకో సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. 1956లో ఆంధ్రపత్రిక వారపత్రికలో బుడుగు రాస్తున్ననాటికి ముళ్ళపూడి వెంకటరమణ గారికి పాతికేళ్లు. నీ ఈడే. ధవళేశ్వరంలో పుట్టిన మనిషి, చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి వెంట మద్రాసు చేరి, లేమి అంటే ఏమిటో స్వయంగా తెలుసుకున్నాడు. నాన్న నీడ అర్ధాంతరంగా పోయిన ఆ మనిషే గోపాళం లాంటి నాన్నని రాశాడు. ఆ ఇంటి నిండా మనుషుల్ని పెట్టాడు. అందుకే ఆ నవ్వులో నాకు ఎక్కడా డొల్లతనం వినబడదు. కష్టం ఎరగనివాడు పంచిన నవ్వయితే ఈపాటికి నీకు చేదెక్కి ఉండేది.

కాబట్టి దొంగచాటుగా చదవకు. పగలే, వరండాలో కూర్చుని, పైకి చదువు. బుడుగు మాట చెవిన పడాలి. మీ అమ్మ వంటింట్లోంచి వింటుంది, తనకీ ఆ పుస్తకమంటే ప్రాణం. రాత్రి మాత్రం పదింటికల్లా దీపం ఆర్పేసి పడుకో. ఇంటర్వ్యూలకి నిద్ర మొహంతో వెళ్లకూడదు.

రమణ గారు తన కథ తాను చెప్పుకున్న ‘కోతికొమ్మచ్చి’ నా దగ్గరుంది. ఆదివారం మీ నాన్న వస్తానన్నాడు, వాడి చేతికిచ్చి పంపిస్తాను. బుడుగు పూర్తయ్యాకే అది తెరువు.

మీ పెద్దత్త