ఇద్దరి చేతికీ అందే ఆస్తి

అమ్మీ,

ఇరవై ఏళ్ల దాకా కదిలించని డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగావు. మీ నాన్న పులివెందుల పక్కన చీనీ తోట కొనమంటున్నాడు. మీ అమ్మ ప్రొద్దుటూరు బంగారమే మేలంటోంది. జమ్మలమడుగులో మీ మేనమామ ఇళ్లస్థలం చూసిపెట్టాడు. ముగ్గురూ నీ మేలు కోరేవాళ్లే, కానీ నిన్నొక్కదాన్నే చూసి మాట్లాడుతున్నారు. నీది భారత పాస్‌పోర్టు, అల్లుడిది అమెరికా పాస్‌పోర్టు, కాపురం సింగపూర్‌లో. మీ ఇద్దరికీ రాబడి రెండో సంగతి. మీలో ఒకరు లేని రోజున ఆ ఆస్తి రెండోవాళ్లకు చిక్కుల్లేకుండా చేరుతుందా అన్నది మొదటిది. అశుభం పలుకుతున్నానని అనుకోవద్దు తల్లీ. ఇంట్లో ఎవరో ఒకరు అడగాల్సిన మాట ఇది.

తోట సంగతి చెప్తాను. విదేశంలో ఉండే మనవాళ్లు ఇక్కడ ఇల్లు, ఇళ్లస్థలం, దుకాణం కొనుక్కోవచ్చు. సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. నీ డబ్బుతో తన పేర కొంటానని మీ నాన్న అంటే ఒప్పుకోకు, అది బినామీ చట్టం దాకా పోయే దారి. ఇప్పటికే ఉన్న తోట నీకు వారసత్వంగా రావచ్చు, దానికి అడ్డు లేదు. నీ తర్వాతనే చిక్కు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా, పిల్లలు లేకుండా ఆడపిల్ల కాలం చేస్తే, తల్లిదండ్రుల నుంచి ఆమెకు వచ్చిన ఆస్తి భర్తకు పోదు, తిరిగి తండ్రి వారసులకే పోతుంది. మీ పెళ్లి ప్రత్యేక వివాహ చట్టం కింద జరిగి, ఇద్దరిలో ఒకరు హిందువు కాకపోతే లెక్క మారుతుంది, అప్పుడు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. అందుకే పెళ్లి సర్టిఫికెట్ మీద ఏ చట్టం పేరుందో చూడమని చెప్తున్నాను.

స్థలం సంగతి అంత కష్టం కాదు. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే అల్లుడి పేరు కూడా కలిపి ఒక ఆస్తి కొనుక్కోవచ్చు. అదే రెండేళ్ల తర్వాత అల్లుడు ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డుకూ అర్హుడు. ముందు ఆ కార్డు తెప్పించండి. అది లేకపోతే విదేశంలో ఉన్న భార్య నుంచి ఇక్కడి ఆస్తి తీసుకోవడానికి అతను రిజర్వ్ బ్యాంక్ అనుమతి కోసం తిరగాల్సి రావచ్చు. స్థలం అమ్మితే వచ్చే డబ్బు ప్రవాసులకు ఇక్కడి బ్యాంకులో ఉండే ఎన్ఆర్ఓ ఖాతాలో పడుతుంది, అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు బయటికి తీసుకుపోవచ్చు. పత్రాల్లో స్థలం ఇంకా సాగుభూమిగానే ఉంటే మాత్రం మీ మేనమామ ఎంత బతిమాలినా కొనొద్దు.

ఇక షేర్లు, ఫండ్లు. ఇక్కడే మీ ఇద్దరి దారులూ పూర్తిగా విడిపోతాయి, నిదానంగా చదువు. అమెరికా తన పౌరుడు ఏ దేశంలో బతికినా పన్ను లెక్క అడుగుతుంది. మన మ్యూచువల్ ఫండ్లు, ఐర్లండ్‌లో నమోదైన ఫండ్లు అల్లుడి పేరు మీద ఉంటే వాటిని పీఎఫ్ఐసీ అని వేరుగా లెక్కకట్టి, లాభం మీద పై శ్లాబు పన్ను, దానికి తోడు వడ్డీ వేస్తారు. అతనికి అమెరికాలోనే నమోదైన ఫండ్లు నయం. నీ సంగతి దీనికి తలకిందులు. అమెరికా పౌరసత్వం, నివాసం రెండూ లేనివాళ్లు అక్కడి షేర్లు ఉంచుకుని చనిపోతే, 60,000 డాలర్లు దాటిన దాని మీద 40 శాతం దాకా ఎస్టేట్ పన్ను పడుతుంది. షేర్లు సింగపూర్ బ్రోకర్ దగ్గర కొన్నా తప్పించుకోలేవు. నీకు ఐర్లండ్ ఫండ్లు నయం. అతనికి మంచిది నీకు చెరుపు, నీకు మంచిది అతనికి చెరుపు.

కాబట్టి ప్రేమ కొద్దీ అన్నీ జాయింటుగా పెట్టొద్దు. పెట్టుబడి ఖాతాలు ఎవరివి వాళ్లవే ఉండనీ. ఇంటి ఖర్చుల ఖాతా ఒక్కటి కలిపి ఉంచుకోండి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే అల్లుడు అమెరికా ప్రభుత్వానికి తెలపాలి. నీ ఖాతాలో అతని పేరుంటే నీ డబ్బూ ఆ కాగితంలోకి పోతుంది. ఒకరి ఫండ్లు రెండోవాళ్లకు వచ్చిన రోజున వాటిని అమ్మి తమకు సరిపడే వాటిలోకి మార్చుకోవాలి. ఆ సంగతి ఇద్దరూ ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. సింగపూర్‌లో షేర్ల లాభం మీద పన్ను లేదు, ఎస్టేట్ పన్ను 2008లోనే తీసేశారు. అందుకని అక్కడ అంతా నిశ్చింత అనుకోవద్దు, పన్ను అతని పాస్‌పోర్టు వెంట వస్తుంది.

ఇక్కడి డిపాజిట్ల వడ్డీ చూసి మురిసిపోకు. 1980లో ఎనిమిది రూపాయల దగ్గరున్న డాలరు 2024లో 83కు పైనే ఉంది. ముసలితనంలో ఎక్కడ బతకాలనుకుంటారో ఆ దేశపు డబ్బులో ఎక్కువ భాగం ఉండాలి. అలాగని ఉన్న ఊళ్లోనే అంతా పెట్టడమూ తప్పే. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు మన జిల్లావాళ్లు ఏళ్ల కష్టం అక్కడే వదిలి కట్టుబట్టలతో ఇంటికి చేరారు. కువైట్ దినార్‌ను ఇరాక్ చెల్లకుండా చేసింది. ఆ ఏడాది ఇళ్లలో ఉన్న దిగులు నేను మరిచిపోలేదు.

బంగారం మీద మీ అమ్మ మాట నేను కొట్టెయ్యను. ప్రొద్దుటూరు బజారులో పెరిగినవాణ్ణి, కష్టకాలంలో అది ఎన్ని కుటుంబాలను నిలబెట్టిందో తెలుసు. పదింట ఒక వంతు ఉండనీ. నగలు కాదు, బిస్కెట్లు కొను. లాకరు ఇక్కడ తీసుకుంటే మీ నాన్న పేరొక్కటే ఉంటే చాలదు, నీ పేరూ ఉండాలి.

నామినీ రాశాం కదా అని ఊరుకోవద్దు. నామినీ డబ్బు తీసుకుని వారసులకు అప్పగించేవాడే కానీ సొంతదారు కాడని సుప్రీంకోర్టు షేర్ల విషయంలో 2023లో మళ్లీ చెప్పింది. ఇక్కడి ఆస్తికి ఇక్కడ, అక్కడి ఆస్తికి అక్కడ వేరువేరు వీలునామాలు రాయండి. కొత్తది రాసేటప్పుడు పాతది రద్దని లాయరు అలవాటుగా రాసేస్తాడు. ఆ వాక్యం రెండో దేశపు వీలునామాను కొట్టెయ్యకుండా చూసుకోండి. రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌కు ఫీజు ఇవ్వడానికి వెనకాడొద్దు.

దసరాకు ప్రొద్దుటూరు అమ్మవారిశాల ఉత్సవాలకు ఎలాగూ వస్తున్నారు. సెలవులు అయిపోయాక ఇంకో నాలుగు రోజులు ఉండేట్టు టికెట్లు తీసుకోండి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పని ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్ అసలు కాపీ వెంట తెచ్చుకో. తోట విషయంలో మీ నాన్నతో మాట్లాడి, ఆయన వీలునామా కూడా ఆ రోజే రాయించే పూచీ నాది.

మీ పెదనాన్న