పెన్నకు లేని ఆకలి

తాడిపత్రి దాటి జమ్మలమడుగు వైపు సాగుచున్నంతసేపును బాటకు ఇరుప్రక్కల నల్లని నాపరాళ్ళ కుప్పలు కనబడుచుండెను. బొంబాయి కామాఠీపుర గల్లీలలోని మా చాళ్ళలో పొయ్యిగట్టునకును, గోడ అరలకును పరచు ‘కడప్పా’ ఈ రాయియే. నాగ్‌పాడా కూడలికి కూతవేటు దూరమున పుట్టి, జీవితమంతయు రాతిగోడలు కట్టి ముదిమి చేరిన మా పెదనాయనగారు కారాపించి దిగి, ఒక పలకను వ్రేళ్ళ కణుపులతో తట్టి, చెవియొగ్గి దాని మ్రోత విని, “పగులు లేదు” అని మరల ఎక్కి కూర్చుండిరి.

అనంతపురము, కడప మండలముల నడిమి ఈ వానకరవు నేల ఎడారి కాదు గాని, వైశాఖమాసపు మధ్యాహ్నమున ఎడారికిని దీనికిని భేదమెంచుట కష్టము. నంది కొండలలో పుట్టి నెల్లూరు సీమలో సముద్రమును చేరు పెన్న, త్రోవలో ఎర్రమల కొండలను నిలువున కోసి, గండికోటయొద్ద సుమారు 300 అడుగుల లోతున సన్నని నీటిచాలుగా కనబడును. నూరుకోట్ల సంవత్సరములకు పైబడిన ఆ ఎర్రరాతి అంచున నిలువబడినప్పుడు, ఎంతోకాలమునుండి నా మనసులో మెదలుచున్న మాటను పెదనాయనగారి యెదుట పెట్టితిని.

“పెదనాయనా, మన కామాఠీలును ఈ నదివంటివారే అనిపించుచున్నది. 1784లో పూర్తియైన హార్న్‌బీ కట్ట సముద్రపు పోటును అడ్డగించి పల్లపు నేలలను ఆరనిచ్చిన పిమ్మట, 18వ శతాబ్దపు చివరినాళ్ళలో మనవారు తెలుగునాటినుండి వచ్చి అచ్చట గుడిసెలు వేసికొని, ఆ నగరమునకు ఇండ్లును బాటలును కట్టి, ఎచ్చటను పేరు చెక్కుకొనక వెడలిపోయిరి. ఈ లోయను తొలిచిన నీరు మాత్రము ఇచ్చట నిలిచినదా? ఇంతకు మించిన నిష్కామకర్మ యేమున్నది?”

ఆయన వెంటనే బదులు పలుకలేదు. అంచునుండి రెండడుగులు వెనుకకు జరిగి, ఒక దిమ్మెను చూపిరి. “ఈ రాతికి అడ్డంగా పొరలున్నాయి, నిలువునా చీలికలున్నాయి. నీళ్ళు చీలికలోకి దిగుతాయి. అడుగుపొర అరిగిపోయిన నాడు దిమ్మె దానంతట అదే ఊడిపడుతుంది. బండ తీసేవాడు కూడా ముందు ఆ చీలికనే వెదికి ఉలి పెడతాడు. అంతవరకు నీ మాట ఒప్పుకుంటాను. కాని పెన్నకు ఆకలి లేదు నాయనా.”

“ఆకలి ప్రసక్తి యేమి?”

“నీరు పల్లానికి పోతుంది; అది దాని గుణం. మన ముత్తాతలు పాలమూరు కరువు తరిమితే బొంబాయి పోయారు. కూలి కోసం కట్టారు, పిల్లల కోసం కట్టారు. ఫలం చేతికందినవాడు వదిలిపెడితే దాన్ని త్యాగమనవచ్చు. అందనివ్వకుండా చేసిన దాన్ని త్యాగమని పొగిడితే, అందనివ్వనివాడికే కదా మేలు?”

నాకు వెంటనే తోచిన సమాధానము బలహీనమైనదే, అయినను పలికితిని. “పేరు పూర్తిగా పోలేదు గదా! పేటకు పేటయే కామాఠీపురము.”

“ఆ పేరు వింటే లోకం దేన్ని తలచుకుంటుందో నీకు తెలుసు. ఆ గల్లీలలో బ్రతుకు నలిగిన ఆడవాళ్ళను నేనేమీ అనను; వాళ్ళ పేర్లు మాత్రం ఎవరు వ్రాసిపెట్టారు? వాళ్ళకూ మనకూ కలిపి ఆ ఒక్క మాట మిగిల్చారు.”

కోట లోపల మాధవరాయ ఆలయగోపురము, జుమ్మా మసీదు, ధాన్యాగారము ఒకదానికొకటి దూరము కాక నిలిచియున్నవి. పెమ్మసాని నాయకులు ఏలిరనియు, గోలకొండ సేనాని మీర్ జుమ్లా దుర్గమును గెలిచెననియు, ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే 1652లో ఆతనిని ఇచ్చటనే కలిసికొనెననియు చరిత్ర చెప్పును. ఏలినవాడు, గెలిచినవాడు, చూచిపోయినవాడు సయితము పేరుతో మిగిలిరి. పెదనాయనగారు అవి అన్నియు ఓపికగా విని, గోడరాయిమీద వాలుగా సాగిన ఉలిగాట్లపై వ్రేలు పోనిచ్చి, ఒకచోట ఆపిరి. “ఇక్కడ చేయి మారింది. ఇంతవరకు గాట్లు లోతుగా పడ్డాయి, ఇక్కడినుంచి తేలికయ్యాయి. కొత్తవాడో, అలసినవాడో.”

చరిత్రగ్రంథములు నాకు ఇన్నేండ్లు చెప్పని సంగతి అది. నది గీచిన గీతలలో అలసట లేదు. శ్రామికుని ప్రకృతితో పోల్చి కీర్తించు మన కవితాధోరణి, ఎంత సదుద్దేశముతో చేసినను, ఆతని దేహమును మరపించుననియే నేడు నేను నమ్ముచున్నాను. గాలికిని నీటికిని ఎవడును బాకీపడడు. కూలివానికి బాకీపడినవాడు ఎచ్చటనో ఉండితీరును.

తిరుగుదారిలో మరల అడిగితిని. “పేర్లు వ్రాసినంతమాత్రమున గతించినవారికి ఒరుగునదేమి?”

“వాళ్ళకేమీ ఒరగదు. చాళ్ళు పడగొట్టి మేడలు కడతామంటున్నారు కదా. అప్పుడు ‘మీరెవరు, ఎప్పటినుంచి ఉన్నారు’ అని అడుగుతారు. చెప్పడానికి మాటలు కావాలి.”

“ఎచ్చట దొరకును ఆ పేర్లు?”

“పాత మేస్త్రీల ఇళ్ళలో కూలీల హాజరు పుస్తకాలుండేవి. కొన్ని చెదలు తినివుంటాయి. కొందరు ముసలమ్మలకు నోటికి వచ్చు. ఊరు చేరిన వెంటనే పదకొండో గల్లీనుంచి మొదలుపెడదాం. నీవు వ్రాయి, నేను అడుగుతాను. నీవు అడిగితే వాళ్ళు సర్కారు మనిషివనుకుంటారు.”