మొదటి ఆశీర్వాదము నీటి జీవులకే

వాక్యభాగము: ఆదికాండము 1:20–22, కీర్తన 104:24–26



2025 జనవరి మాసములో చెన్నై, చెంగల్పట్టు తీరములకు ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కళేబరములు కొట్టుకొని వచ్చిన సంగతి మీరెరుగుదురు. ఆ ఒక్క మాసములోనే వెయ్యికి పైగా ఒడ్డున పడినవి. ఆ దినములలో ఒక ఆదివారము మేము సృష్టిని గూర్చి చెప్పుచుండగా, సండే స్కూలు బిడ్డ ఒకడు లేచి, "తాతయ్యా, దేవుడు వాటిని దీవించాడు గదా, మరి ఎందుకు చచ్చిపోయాయి?" అని అడిగెను. ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఏండ్ల తరబడి బడిలో పాఠములు చెప్పినవారమైనను, మాకు వెంటనే జవాబు రాలేదు. ఈ వర్తమానము ఆ బిడ్డకు మేము బాకీపడిన జవాబు.

బైబిలులో దేవుడు మొట్టమొదట ఆశీర్వదించినది ఎవరిని? ఆదామును అని మనలో పలువురము చెప్పుదుము. కాదు. అయిదవ దినమున, మనుష్యుడు ఇంకను కలుగకమునుపే, నీటిలోని జీవులను, ఆకాశ పక్షులను ఆయన ఆశీర్వదించెను. మనకు ఏలుబడి ఇయ్యబడినది ఆ తరువాతనే. గనుక మన ఏలుబడి ఆ మొదటి ఆశీర్వాదమును కాపాడుటకే గాని కొట్టివేయుటకు కాదు.

మొదటిది, ఆ ఆశీర్వాదము కంటికి కనబడని జీవులమీద ఉన్నది. ఒక చెంచాడు సముద్రపు నీటిలో లక్షలకొలది సూక్ష్మజీవులుండును. ప్రోక్లోరోకాకస్ అను అతి చిన్న జీవి వెచ్చని సముద్రములలో లెక్కకు మించి యున్నను, 1988 వరకు లోకమునకు తెలియనే లేదు. ఇటువంటి జీవులును, నీటిపై తేలియాడు సూక్ష్మమైన నాచును సూర్యకాంతితో ఆహారము చేసికొని ప్రాణవాయువును విడుచును. భూమిమీద ఏటేట పుట్టు ప్రాణవాయువులో దాదాపు సగము సముద్రమునుండియే వచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ నాచును రొయ్యపిల్లవంటి చిన్న ప్రాణులు తినును. వాటిని కవ్వలు, కవ్వలను వంజరము తినును. కాశిమేడులో మనము బేరమాడి తెచ్చుకొను చేప వెనుక ఎవరికిని కనబడని ఇంత సేవకుల గుంపు ఉన్నది. సంఘములోను అంతే గదా! తెల్లవారకముందు మందిరము ఊడ్చువారి పేరు ఏ రిపోర్టులోను రాదు.

రెండవది, ఆ ఆశీర్వాదము ప్రాకు జీవులమీదను ఉన్నది. తాబేలు, సముద్రపు పాము నీటిలో బ్రదుకుచున్నను వాటికి చేపవలె మొప్పలు లేవు. ఊపిరికొరకు అవి పైకి రావలసినదే. లోకములో సముద్రపు తాబేళ్లు 7 జాతులు. మన దేశపు జలములలో 5 కలవు. ఆడ తాబేలు తాను పుట్టిన తీరప్రాంతమునకే తిరిగి వచ్చి, రాత్రివేళ ఇసుక త్రవ్వి నూరుకు పైగా గుడ్లు పెట్టి పోవును. అవి 45 మొదలు 60 దినములలో పిల్లలగును. ఇసుక వేడినిబట్టి ఆడదో మగదో ఏర్పడును.

వలస వచ్చిన మనకు ఇది తెలియని సంగతి కాదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములనుండి మన పెద్దలు బ్రదుకుతెరువుకు ఇచ్చటికి వచ్చినను, పండుగకు సొంత ఊరి దారి పట్టిరి. అయితే వెళ్లేసరికి ఊరే లేకపోయిన యెడల? ఉత్తర చెన్నైలో తాబేలు గతి అదే. పందొమ్మిదవ శతాబ్దపు చివర హార్బరు గోడలు కట్టబడగా, దక్షిణమునుండి ఉత్తరమునకు కదలు ఇసుక నిలిచిపోయెను. మెరీనా వెడల్పాయెను, మన వైపు ఒడ్డును అలలు కోసివేసెను. నేడు మన తీరములో చాలమట్టుకు బండరాళ్లే. రాతిమీద తాబేలు గుడ్డు పెట్టలేదు.

మూడవది, ఆ బిడ్డ అడిగిన ప్రశ్న. ట్రాలరు వలలో చిక్కిన తాబేలు పైకి రాలేక, ఊపిరాడక మునిగి చచ్చును. నీటి జీవి నీటిలోనే మునిగిపోవుట ఎంత ఘోరము! తీరమునకు 5 నాటికల్ మైళ్ల లోపల ట్రాలర్లు వల లాగరాదని తమిళనాడులో నియమమున్నది. వలలో ఒక చట్రము అమర్చిన యెడల తాబేలు బయటికి పోవును, రొయ్యలు లోపలనే నిలుచును. మార్గమున్నది; పాటించుటే కొదువ.

అయినను జాలరి సోదరులమీదనే రాయి వేయకుడి. డీజిలు అప్పుతో చీకటిలో బయలుదేరువాడు మన పొరుగువాడే. మేమును తప్పిన సంగతి ఒప్పుకొందుము. తమిళనాడులో 2019 జనవరి 1నుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు నిషేధింపబడినను, మా ప్రేమవిందులలో ప్లాస్టిక్ గ్లాసులు, కవర్లు మానలేదు. మిగిలినవి కాలువ పాలాయెను. కాలువ ఎక్కడికి పోవును? సముద్రమునకే. నీటిలో తేలు కవరు జెల్లీచేపవలె కనబడగా తాబేలు మ్రింగును. పిల్లలకు సృష్టిపాఠము చెప్పిన చేతులే ఆ కవరు విసరినవి.

ప్రియులారా, భూమికి విశ్రాంతి సంవత్సరమును నియమించినవాడు మన దేవుడు. తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలు వేటకు పోరాదు. దానిని సముద్రపు విశ్రాంతి కాలముగా ఎంచి, పని లేని జాలరి కుటుంబములను మన సంఘములు జ్ఞాపకము చేసికొనవలెను. విందులలో అరిటాకు, స్టీలు గ్లాసు వాడుదము. చేప కొనునప్పుడు, "ఇది ఎక్కడ పట్టినది?" అని అడుగుదము.

బాబూ, నీ ప్రశ్నకు మా జవాబు ఇదే: దేవుడు తన దీవెనను వెనుకకు తీసికొనలేదు. కాపాడమని అప్పగింపబడిన మేము కాపాడలేదు. ఇక కాపాడుదుము, నీవును మాతో కూడ రమ్ము.

ప్రార్థన: చిన్నవాటిని, పెద్దవాటిని జ్ఞానముతో కలుగజేసిన తండ్రీ, మేము చెరిపినదానిని మాకు చూపి, దిద్దుకొను మనస్సు దయచేయుము. ఆమేన్.

— ఒక సంఘ పెద్ద, తొండియార్‌పేట