వీధి అంచు ఎవరిది?

న్యాయాన్ని గురించి చర్చ వచ్చినప్పుడు మనం భూమి పంపకాన్ని గురించి మాట్లాడతాం, కూలిరేట్లను గురించి మాట్లాడతాం. ఆ చర్చలో మనకు అలవాటు ఉన్నది. కొంత సుఖం కూడా ఉన్నది, ఎందుకంటే అక్కడ దోచుకునేవాడెవడో, దోపిడికి గురయ్యేవాడెవడో ముందే తెలుసు. బజారులో ఒక చిన్న దుకాణం ముందు పావుగంటసేపు బండి నిలుపుకునే హక్కు ఎవరిది అని అడిగితే మాత్రం, అది ట్రాఫిక్ పోలీసుల వ్యవహారమనీ తాత్త్విక విచారణకు తగిన వస్తువు కాదనీ తోసిపుచ్చుతాం. అలా తోసిపుచ్చటం సరికాదని నా అభిప్రాయం. నగరంలో ధనికుడూ పేదవాడూ ఒకే సమయంలో కాలు మోపే ఉమ్మడి ఆస్తి వీధి. దాన్ని ఎవరు, ఎంతసేపు, ఏ పనికి వాడుకోవాలన్న ప్రశ్నలో ఆస్తి, శ్రమ, సమానత్వం అనే మూడు పెద్ద మాటలూ ఇమిడి ఉన్నాయి. పైగా ఇక్కడ పక్షం తేల్చుకోవటం అంత సులువు కాదు.

హైదరాబాదు పాతనగరంలోని లాడ్ బజార్‌ను తీసుకుందాం. చార్మినార్ దగ్గర పడమటికి తిరిగితే మొదలయ్యే ఈ వీధి మహబూబ్ చౌక్ వైపు సాగుతుంది. ఆ చౌక్‌లోని గడియారస్తంభం 1892 నాటిది. లక్క మూలంగానే బజారుకు ఆ పేరు వచ్చిందంటారు. వీధి కొలత మోటారుబండి పుట్టకముందుది. లక్కను సెగ మీద మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, వేడి ఆరకముందే దానిలో గాజురాళ్ళు పొదుగుతారు. ఈ పని గల్లీలలోని ఇళ్ళలో, చిన్నచిన్న కార్ఖానాలలో జరుగుతుంది. రాళ్ళు పొదిగే చేతులలో ఆడవాళ్ళవి తక్కువేమీ కాదు. 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజుకు గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ గాజు ఇంటినుంచి దుకాణానికి వచ్చి దిగవలసిన జానెడు చోటుకు మాత్రం ఇంకా గుర్తింపు లేదు.

అక్కడ నిలిచే బండ్లను ఒక పూట ఓపికగా గమనిస్తే, పార్కింగ్ అనే ఒక్క మాట కింద ఎన్ని వేరువేరు పనులు దాగి ఉన్నాయో తెలుస్తుంది. గాజుల మూటలు స్కూటర్‌కు కట్టుకొని వచ్చిన పనివాడికి కావలసింది ఐదు నిమిషాలు. అట్టపెట్టెలు దించే ట్రాలీ ఆటోకు పావుగంటో ఇరవై నిమిషాలో కావాలి. పెళ్ళి గాజులు కొనటానికి జిల్లాల నుంచి కారులో వచ్చిన కుటుంబానికి రెండు గంటలు కూడా చాలవు: రెండూ-నాలుగా, రెండూ-ఆరా అని చేతికి కొలత చూడాలి, చీర రంగుకు జత కుదర్చాలి, బేరమాడాలి, లేచిపోయినట్టు నటించి మళ్ళీ కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పుల ముసలామెను మెట్టు దగ్గర దించే ఆటోకు రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు దొరకకపోతే ఆమె ఈ బజారుకు రావటం మానేస్తుంది. ఇక, పొద్దున దుకాణం తెరిచినప్పుడు నిలిపి రాత్రి మూసినప్పుడు తీసే బండి ఒకటున్నది. అది దుకాణదారుది. దాన్ని గురించి ఎవరూ అర్జీ పెట్టరు.

“పార్కింగ్ లేక గిరాకీ పోతున్నది” అనే మాట చిన్న వర్తకుల నోట వింటూనే ఉంటాం. అందులో నిజమున్నది. పెద్ద పెట్టుబడి నేలమాళిగలో వందల కార్లకు చోటు కట్టుకొని, ఆ ఖర్చును అద్దెలలోనూ సరుకు ధరలోనూ కలిపి రాబట్టుకోగలదు. ఆరడుగుల దుకాణానికి ఆ శక్తి లేదు. దానికి నేలమాళిగ వీధే. ప్రభుత్వ విధానం ఈ తేడాను చూసినట్టు కనిపించదు. 2018 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మాల్స్, మల్టీప్లెక్సులు, ఇతర వాణిజ్య సముదాయాలలో పార్కింగ్ రుసుములను గురించి ఒక ఉత్తర్వు ఇచ్చింది. మొదటి అరగంట అందరికీ ఉచితం. అరగంట నుంచి గంట దాకా, ఎంత చిన్నదైనా సరే, కొన్న బిల్లు చూపితే ఉచితం. గంట దాటినప్పుడు బిల్లు మొత్తం పార్కింగ్ రుసుమును మించితే ఉచితం. ఉత్తర్వు మంచిదే. అడ్డూ అదుపూ లేని వసూళ్ళకు అది కళ్ళెం వేసింది. దాని వెనక ఉన్న సూత్రం మాత్రం గమనించదగినది. కొనుగోలు పని మీద వచ్చినవాడికి కొద్దిసేపు బండి నిలుపుకునే హక్కు ఉన్నదని, అది కూడా ప్రైవేటు నేల మీద ఉన్నదని, ప్రభుత్వం ఒప్పుకున్నది. వీధి మీది అరగంటను గురించి ఆ ఉత్తర్వు మాట్లాడదు. ప్రైవేటు నేలలో పలికిన హక్కు ఉమ్మడి నేలలో మూగబోయింది.

ఈ మాట తరగతిలో అన్నప్పుడు ఒక విద్యార్థి లేచి, “సార్, ఇది కార్లున్నవాళ్ళ తగువు కదా, మనకెందుకు?” అన్నాడు. అతని ప్రశ్నలో సగం సత్యం ఉన్నది. ఉచిత పార్కింగ్ ప్రజల సౌకర్యమని చెప్పుకోవటంలో ఒక మోసం ఉన్నది. బస్సు దిగి వచ్చినవాడూ, నడిచి వచ్చినవాడూ ఆ ఉచితంలో చిల్లిగవ్వ పొందరు. పాతనగరం వైపు వచ్చే మెట్రో రైలు మార్గం 2020లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి, మూసీ ఒడ్డున ఆగిపోయింది. పాతనగరంలోకి పోయే మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అంటే నగరంలోని మిగతా పేటలకు రైలు వచ్చినా, ఈ పేటలవాళ్ళు బస్సునూ ఆటోనూ తమ కాళ్ళనూ నమ్ముకోవలసి వచ్చింది. వీళ్ళ నడకదారిని ఆక్రమించి నిలిచే కారుకు “ఉచితం” అని పేరు పెట్టటం భాషకు కూడా అన్యాయమే. 2025లో మరణించిన డోనాల్డ్ షూప్ అనే అమెరికన్ పండితుడు 2005లో ఈ విషయం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఉచితమనుకునే పార్కింగ్‌కు బండి లేనివాళ్ళు కూడా ఇంటి అద్దెలో, తిండి ధరలో, సమస్త సరుకుల ధరలో మూల్యం చెల్లిస్తూనే ఉన్నారని ఆయన వాదం. ఈ మాట మనవాళ్ళు చెప్పవలసినది. ధరల యంత్రాంగాన్ని నమ్మినవాడు చెప్పాడు!

ఆయన సూచించిన మందు కూడా ధరే. ప్రతి వీధిలో నూటికి పదిహేను చోట్లు ఎప్పుడూ ఖాళీగా మిగిలేట్టు రుసుమును పెంచుతూ తగ్గిస్తూ ఉండాలి. వచ్చిన డబ్బును ఆ వీధికే ఖర్చుపెట్టాలి. దీన్ని పెట్టుబడిదారీ చిట్కా అని ఒక్క మాటతో కొట్టిపారేయటం నాకు నచ్చదు. 1935 జులైలో ఓక్లహామా నగరంలో ప్రపంచంలోని మొదటి పార్కింగ్ మీటరును నిలబెట్టారు. గంటకు ఐదు సెంట్లు. ఆ ఆలోచన అక్కడి వర్తకుల మండలి తరఫునే వచ్చింది. కారణం ఏమిటి? బజారులో పనిచేసేవాళ్ళు పొద్దున నిలిపిన కార్లు సాయంత్రం దాకా కదలక, కొనేవాళ్ళకు చోటు లేకుండాపోయింది. తమ బజారును తమవాళ్ళే అడ్డుకుంటున్నారని వర్తకులు గ్రహించటానికి ఒక ఇనుపయంత్రం అవసరమయింది. లాడ్ బజార్‌లో పొద్దుటినుంచి కదలని ఆ బండి సంగతి పైన చెప్పాను.

కాని ధరకు కళ్ళు లేవు. గంటకు ఇరవై రూపాయల రుసుము పెట్టారనుకోండి. పెళ్ళి బేరానికి వచ్చిన కుటుంబానికి అది లెక్కలోకే రాదు. రోజుకు ఆరుసార్లు మూట దించే స్కూటర్ మనిషికి అదే రుసుము నూట ఇరవై రూపాయలవుతుంది. ఎవరి పనివల్ల బజారు బతుకుతున్నదో వాడు ఎక్కువ చెల్లించి, ఎవడు ఖర్చుపెట్టటానికే వచ్చాడో వాడు తక్కువ చెల్లిస్తాడు. అందుకని కొందరు ధరను వదిలి కాలపరిమితిని కోరతారు: ఎవరికైనా పావుగంట, ఆపైన జరిమానా. నిమిషానికి కులం లేదు, ధనం లేదు అంటారు. పైకి ఇది సమంగానే కనిపిస్తుంది. మార్క్స్ 1875లో గోథా కార్యక్రమాన్ని విమర్శిస్తూ, సమానులు కాని మనుషులకు ఒకే కొలబద్ద పెడితే ఆ సమానహక్కు అసమాన హక్కుగానే పరిణమిస్తుందని వాదించాడు. ఆయన ముందున్న కొలబద్ద శ్రమ. మన ముందున్నది నిమిషం. ఒంటరిగా ఇరవై పెట్టెలు మోసే హమాలీకి పావుగంట చాలదు. డ్రైవరును కూర్చోబెట్టి వచ్చిన పెద్దమనిషికి పావుగంట నియమం వర్తించనే వర్తించదు: పోలీసు ఈల వేస్తే కారు ఒక చుట్టు తిరిగి వస్తుంది, ఆయన బేరం సాగుతూనే ఉంటుంది. ఇంకొకడి కాలాన్ని కొనుక్కున్నవాడికి కాలపరిమితి లేదు. ఈ చిన్న సంగతి అర్థశాస్త్ర పాఠాలలో పనికివస్తుందని నా స్నేహితులైన అధ్యాపకులకు మనవి.

అసలు బండ్లనే లేకుండా చేస్తే పోదా అనే వాదం ఒకటున్నది. చార్మినార్ చుట్టూ పాదచారుల ప్రాంతం నిర్మించాలన్న పథకం గత శతాబ్దపు చివరి దశాబ్దంలో పుట్టి, ఏళ్ళ తరబడి సాగి, కట్టడం చుట్టూ రాతిపలకలు పరిచి వాహనాలను దూరం జరిపింది. నేను నడకకు అనుకూలుణ్ణి. పొగకు నల్లబడుతున్న ఆ సున్నపు గోడలను చూసినవారెవరైనా అనుకూలులే అవుతారు. కాని “పాదచారి” అంటే మన ఊహలో ఎవరు? కెమెరా పట్టుకొని తీరికగా తిరిగేవాడా? నెత్తిన పెట్టెతో వంగి నడిచే హమాలీ కూడా పాదచారే. బండిని రెండువందల గజాలు దూరం జరిపితే మొదటివాడికి విహారం పెరుగుతుంది, రెండోవాడికి మోత పెరుగుతుంది. కూలి పెరుగుతుందన్న పూచీ లేదు.

ఇది పాత కథే. క్రీస్తుపూర్వం 45లో జూలియస్ సీజర్ రోము వీధులలో పగటివేళ బండ్లను నిషేధించాడు. ఆలయాల కట్టడపు సరుకుకూ, విజయోత్సవాల రథాలకూ మినహాయింపు ఉన్నది. మిగిలిన సరుకంతా రాత్రిపూట కదిలింది. ఆ చప్పుడుకు నిద్రలేని పేదల అవస్థను జువెనల్ తన వ్యంగ్యకావ్యంలో చిత్రించాడు. బండి తోలినవాడి నిద్రను గురించి ఆలోచించటం మన వంతు. లాడ్ బజార్‌కు సరుకు రాత్రిపూటే రావాలని ఎవరైనా సలహా ఇచ్చినప్పుడు ఇది జ్ఞాపకం ఉంచుకోవాలి.

మన ప్రబంధకవులు పురవర్ణనలో ఏనుగులనూ గుర్రాలనూ రథాలనూ వర్ణించారు. ఆ రథాలు అంగడి ముందు ఎక్కడ నిలిచాయో చెప్పలేదు. వీధిలో పూలమ్మే పుష్పలావికలకు మాత్రం పద్యాలు కేటాయించారు. ఆ పద్యాలలో విటుల సరసోక్తులున్నాయి, శ్లేషలున్నాయి. ఆమె బుట్ట పెట్టుకున్న చోటుకు సుంకం ఎవరికి కట్టిందన్నది లేదు. సుందరీకరణ పథకాల చూపు ఈ ప్రబంధదృష్టికి వారసురాలని నాకు అనిపిస్తుంది. వీధి వర్ణనకు ఆమె అలంకారం. వీధి పంపకంలో ఆమె ఆక్రమణదారు.

చట్టం ఈ విషయంలో కవుల కంటె కొంత ముందడుగు వేసింది. ఢిల్లీ వీధి వ్యాపారి సోదన్ సింగ్ కేసులో 1989లో సుప్రీంకోర్టు, వీధులు రాకపోకలకు మాత్రమే ఉన్నాయనే కారణంతో వ్యాపారహక్కును నిరాకరించకూడదనీ, తగిన నియంత్రణకు లోబడి ఆ హక్కు ఉంటుందనీ తీర్పిచ్చింది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ఇంకా దూరం పోయి, పట్టణ వ్యాపార కమిటీలలో నూటికి నలభైకి తగ్గకుండా వీధి వ్యాపారులే సభ్యులుగా ఉండాలనీ, వాళ్ళలో మూడోవంతు స్త్రీలు కావాలనీ నిర్దేశించింది. అమలును గురించి ఎంత అసంతృప్తి ఉన్నా, సూత్రం గొప్పది. వీధిని వాడుకునేవాడు వీధి పంపకంలో కూర్చోవాలి.

బండి నిలిపే చోటుకు కూడా ఈ సూత్రాన్ని విస్తరించాలని నా ప్రతిపాదన. వీధి అంచున హక్కు బండి యాజమాన్యం వల్ల పుట్టకూడదు. అక్కడ చేయవలసిన పనివల్ల పుట్టాలి. ఆ లెక్కన మోతపనికి మొదటి చోటు, పగటివేళే, రుసుము లేకుండా, పెట్టెలు దిగేదాకా. ముసలివాళ్ళనూ నడవలేనివాళ్ళనూ దించే ఆటోకు రెండో చోటు. వీధి వ్యాపారి తోపుడుబండిని వెనక్కి నెట్టి కారుకు చోటు చెయ్యటం ఏ పరిస్థితిలోనూ కుదరదు. కొనుగోలుదారు కారు వీధి బయట నిలవాలి, అక్కడ రుసుము చెల్లించాలి, ఆ డబ్బు ఈ వీధి నీడకూ నీళ్ళకూ మరుగుదొడ్లకూ ఖర్చు కావాలి. దుకాణదారు బండి ఇంకా దూరం పోవాలి. ఈ చివరి మాటకు నా మిత్రులైన చిన్న వర్తకులే ముందు అభ్యంతరం చెబుతారు. పెద్ద పెట్టుబడికి వ్యతిరేకంగా వాళ్ళ పక్షాన నిలవటం అభ్యుదయవాదుల కర్తవ్యమే. హమాలీకీ దుకాణదారుకూ మధ్య తగువు వచ్చినప్పుడు ఆ పేరుతో కళ్ళు మూసుకోవటం ఆ కర్తవ్యంలో భాగం కాదు. చిన్న ఆస్తి కూడా ఆస్తే, దానికీ తన ఇంటిముందు వీధిని తనదిగా భావించే జబ్బు ఉంటుంది.

ఇటువంటి పంపకం చెయ్యటానికి ఒక కమిటీ కూర్చున్నదనుకుందాం. వర్తకులకు తమ సంఘాల ద్వారా కుర్చీ దొరుకుతుంది. ఆటోవాళ్ళకు యూనియన్లున్నాయి. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఆధారం. గల్లీలో ఇంటి గడపలో కూర్చొని గాజుకు రాళ్ళు పొదిగే ఆడమనిషి మిగిలింది. ఆమెకు బండి లేదు, దుకాణం లేదు. వీధిలో అమ్మదు కనుక వీధి వ్యాపారి కాదు. మూట దించటానికి చోటు దొరక్క స్కూటర్ మనిషి తిప్పే తిరుగుళ్ళ ఖర్చును యజమాని ఆమె కూలిలోనే కోస్తాడు. ఆ కమిటీలో ఆమె ఏ పేరుమీద కూర్చోవాలో ముందు తేల్చాలి.